సెకనుకి పద్నాలుగు బొమ్మలు

గుణుపురం కోర్టు వెనక సందులో
జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు, కుల ధ్రువపత్రాల ఫారాలు.
మా అంగడి బోర్డు మూడు లిపుల్లో ఉంటుంది,
మూడింట్లోనూ తలా ఒక తప్పు.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించుతుంటే
ఢిల్లేసు, తోఫాను దూరేరు.
బరంపురం పాత సామాన్ల కొట్లో కొన్న గ్రాఫిక్స్ కార్డు
తువ్వాల్లో చుట్టి, పొత్తిళ్ళ బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని.
ఫ్యానుకి ఒక రెక్క విరిగింది.
"అప్పా, కార్ల రేసు ఆడాల. బేగి ఎట్టు."

నా మెషీన్లో ఉన్నది లినక్సు.
ఆదర్శం అనుకునేరు, అదేం లేదు.
దొంగ కాపీకి వైరసు పట్టి
నూట పన్నెండు మంది రేషను కార్డులు మాయమైన రోజు
పైసా అడక్కుండా వచ్చింది ఇదొక్కటే.

కార్డు బిగించేం.
ఫ్యాను టకటకమంటూ తిరిగింది.
తెర మాత్రం నలుపు,
ఎడమ పక్క పైన తెల్లగీత ఒకటి
వెలుగుతూ ఆరుతూ.

"సచ్చిపోనాదేటి?"
లేదురా, బతికే ఉంది. మాట కుదరట్లేదు.
కెర్నల్ ఏదో అడుగుతోంది,
కార్డు ఉలకదు పలకదు.
నడుమ డ్రైవరు లేడు.
తోఫాను నవ్వేడు. వాళ్ళ నాన్న రాయగడ బస్సు తోలుతాడు.
ఆ డ్రైవరు కాదురా,
దుబాసీ.

మా నాయనమ్మ తవిటమ్మ ఈ కోర్టు వరండాలోనే కూచునేది.
కొండ దిగొచ్చిన సవర ఆడవాళ్ళకీ
ఒడియాలో కసిరే గుమాస్తాకీ మధ్యన
తమలపాకు నమిలే తెలుగు నోరు.
ఆమెకెవరూ నేర్పలేదు.
సంతలో పసుపు కొమ్ము చూపించి ఒక మాట అనేది,
ఎదుటి మనిషి నవ్వితే తప్పు,
తిడితే ఇంకా పెద్ద తప్పు,
ఆ తిట్టుని కూడా దాచుకునేది.

ఈ కార్డుకీ అంతే జరిగింది.
చేసిన కంపెనీకి సొంత దుబాసీ ఉన్నాడు,
సీలు వేసిన పెట్టెలో.
పాతదైపోయింది, ఇక దీని తరఫున మాట్లాడం అని
రెండేళ్ళ కిందటే తప్పుకున్నాడు.
కాగితం ముక్క కూడా దొరకని ఎవరో
ఎక్కడో ఏ రాత్రో
దీని మీదికి అంకెలు విసిరి, తిరిగొచ్చిన అంకెలు రాసుకుని
మళ్ళీ విసిరి
మాట పట్టుకున్నారు.
ఆ డ్రైవరే వేశాను.

తెర వెలిగింది.
గుంటలు అరిచిన అరుపుకి ఎదురింటి కుక్క లేచింది.

కానీ నడక!
దీన్ని పరిగెత్తించే తాళంచెవి కంపెనీ ఇవ్వలేదు,
వాళ్ళ సంతకం లేనిదే ఈ కార్డు వేగం పెంచుకోదు.
సెకనుకి పద్నాలుగు బొమ్మలు.
ఎర్రకారు మలుపు దగ్గర ఆగి, ఆలోచించి,
గోడలో తేలింది.
"బేగి పోదా అప్పా?"

ఆ మాట నాయనమ్మనీ అనేవారు.
బేగి సెప్పు ముసిలీ, వాయిదాలు బోలెడున్నాయి.
ఆమె వక్క పక్కకి తోసి అనేది:
"నాను బేగి సెప్తే దీని బూమి పోద్ది బాబూ."
ఒక్కోసారి మెల్లిగా చెప్పినా పోయింది.
అది మాత్రం ఇంటికొచ్చి చెప్పేది కాదు.

పాత కెర్నల్ ఒకటి పక్కన పెడితే
సీలు పెట్టె దుబాసీ ఇంకా పనిచేస్తాడు,
యాభై బొమ్మలు వస్తాయి.
రేపు పెడతాను. గుంటలు ఆడుకోవాలి కదా,
నా నమ్మకాలు వాళ్ళ నెత్తికెందుకు?

ఈ రాత్రికి పద్నాలుగే.
ఢిల్లేసు కారుతో పాటు కుర్చీలో కుడికి ఒరుగుతున్నాడు,
ఒరిగి, కారు వచ్చేదాకా
అలాగే ఆగుతున్నాడు.
తోఫాను ఒడియాలో లెక్కపెడుతున్నాడు గోడకి గుద్దిన సార్లు.

టక టక టక.
విరిగిన రెక్కకి సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని కూడా
విరిచెయ్యాలట,
అప్పుడు వణకదట.
శ్రావణం పటకారు ఎక్కడ పెట్టేనో.